పడవ దించే రోజులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆరుద్ర కార్తె వానలు పడ్డాయంటే మాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే సంగతి మీద ఉంటాయి: ఎండాకాలమంతా కట్ట మీద బోర్లేసిన పడవను మళ్ళీ నీళ్ళలోకి దించేదెట్లా అని. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఎట్లాగూ వల వేయలేరు, రిపేరుకు ఇదే అదను. తేదీలు మీ జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. సంఘం వేట మొదలయ్యే ముందురోజు సాయంత్రం డాంబర్ డబ్బా మూత తీసేవాళ్ళకు మాత్రం మేం చెప్పగలిగింది తక్కువే.

ప్రశ్న: మాది 18 అడుగుల నాటు పడవ. మూడు నెలలుగా ఎండలో ఉంది. పలకల మధ్య సందులు గోరు దూరేంత తెరుచుకున్నాయి. అన్నిటినీ నూలుతో నిండా కుక్కి డాంబర్ పూస్తే సరిపోతుందా?
*(గోవిందరావుపేట మండలం నుంచి మత్స్య సంఘం సభ్యుడొకరు)*

జవాబు: నిండా కుక్కకండి. కట్టె నీళ్ళు తాగితే అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగునా దాదాపు మారదు. ఎండిన పలకల నడుమ నూలు గట్టిగా దిగ్గొడితే, తర్వాత ఉబ్బే పలకకు చోటుండదు. ఆ ఒత్తిడంతా మేకుల మీదా, లోపలి అడ్డకర్రల మీదా పడుతుంది. దించిన నాలుగైదు రోజులకు మేకు తలలు లేవడం, అడ్డకర్ర చిట్లడం చూసి "కట్టె మంచిది కాదు" అంటుంటారు. తప్పు కట్టెది కాదు.

పని మొదలుపెట్టే ముందు పడవను తిప్పడంలోనే ఒక జాగ్రత్త ఉంది. బోర్లేసిన పడవ కింద కట్లపాములు, తేళ్ళు చేరతాయి. వెదురు గడను అంచు కిందికి దూర్చి, మీకు అవతలి వైపు సందు తెరుచుకునేట్టు లేపండి. లోపలికి చెయ్యి పెట్టకండి. ఆ తర్వాత సన్నటి కత్తి మొనతో అడుగు పలకలను, ముక్కు దగ్గరి అతుకులను, అడ్డకర్రల కింది భాగాలను గుచ్చి చూడాలి. మంచి కట్టెలో మొన ఆగుతుంది, పుచ్చిన కట్టెలో మెత్తగా దిగుతుంది. చిన్న సుత్తితో ప్రతి మేకునూ తట్టండి. ఖంగుమంటే బాగుంది. మొద్దుగా మోగి, చుట్టూ కట్టె నల్లబడి ఉంటే లోపల తుప్పు తినేసింది. అలాంటి మేకును ఇంకా లోపలికి కొట్టి లాభం లేదు. దాన్ని పీకి, ఆ రంధ్రంలో కట్టె చీల దిగ్గొట్టి, ఒక అంగుళం పక్కన జింకు పూత ఉన్న కొత్త మేకు వేయాలి.

ఇప్పుడు తడపడం. పడవ లోపలా బయటా గోనె సంచులు పరిచి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పోస్తూ 3, 4 రోజులు ఉంచండి. సగం సందులు వాటంతట అవే మూసుకుంటాయి. తర్వాత సంచులు తీసి ఒక రోజు నీడలో ఆరనిచ్చి, మిగిలిన సందులను చూడండి. 1 మిల్లీమీటరు లోపు ఉన్నవి వదిలేయండి, చెరువే వాటిని మూస్తుంది. 2 నుంచి 4 మి.మీ. ఉన్నవాటిలో పాత నూలు గీకేసి, వదులుగా పేనిన నూలు వత్తిని మొద్దు ఉలి, కొయ్య సుత్తితో దించాలి. సందు లోతులో మూడింట రెండు వంతులే నింపి, పైన 2, 3 మి.మీ. లప్పానికి వదలాలి. 6 మి.మీ. దాటిన సందులోకి నూలు మీద నూలు కుక్కడం దండగ. అదే జాతి కట్టెతో సన్నటి చీలిక చేసి అతికించాలి.

పైన వేసే లప్పానికి గుగ్గిలం పొడిని అవిసె నూనెలో సన్నటి సెగ మీద కరిగిస్తారు. పాకం కుదిరిందో లేదో తెలియాలంటే ఒక చుక్క చల్లటి నీళ్ళలో వేసి వేళ్ళతో నలపండి. పెళుసుగా విరిగితే ఇంకాస్త నూనె, వేలికి జిగురుగా సాగితే ఇంకాస్త గుగ్గిలం కలపాలి. నూనె తుడిచిన పాత గుడ్డలను ముద్దగా చుట్టి పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డల ముద్ద దానంతటదే అంటుకోగలదు. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

డాంబర్ బయటి అడుగుకు, నీటిగీత దాకా చాలు. లోపల పూస్తే ఊరిన తడి బయటికి పోదు, పుచ్చు కనపడదు, కారే చోటు దొరకదు. లోపలికి నూనె పూతే మేలు.

దించే ముందు ఒక పరీక్ష. అడుగంతా ఇసుక సంచుల మీద ఆనేట్టు పెట్టి, లోపల 3, 4 అంగుళాల నీళ్ళు పోసి, బయట చెమ్మ కనిపించిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. అంతకు మించి పోయొద్దు. 18 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పున్న పడవలో 4 అంగుళాల నీళ్ళే దాదాపు అర టన్ను. కింద ఆధారం లేకుంటే అతుకులు విడిపోతాయి.

చివరికి, ఖాళీ పడవను మోకాలి లోతు నీళ్ళలో కట్టి రెండు మూడు రోజులు వదిలేయండి. మొదటి రోజు నిండిపోయి అడుగు నేలకు ఆనినా భయం లేదు. రెండో రోజు ఊట సగానికి తగ్గాలి, మూడో రోజుకు రాత్రంతా కలిపి ఒకటి రెండు బకెట్లకు రావాలి. మూడో రోజు కూడా మొదటి రోజంత వస్తుంటే అది సందు కాదు. మేకు రంధ్రమో, పుచ్చో ఎక్కడో తప్పిపోయింది. పైకి లాగండి.

ప్రశ్న: పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి పడవ) మీద కప్పిన టార్పాలిన్‌కు కాగే డాంబర్ పూశాం. పట్టా అక్కడక్కడా ముడుచుకుపోయి చిల్లులు పడ్డది. సరుకు నకిలీదా?
*(ధర్మపురి నుంచి)*

జవాబు: సరుకు సంగతి అట్లుంచండి, ఏ ప్లాస్టిక్ పట్టా అయినా అంతే. డాంబర్ పలచగా పారాలంటే 150 డిగ్రీలకు పైన కాగాలి. టార్పాలిన్ నేసే ప్లాస్టిక్ 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. డాంబర్ వేయాలంటే వెదురు అల్లిక మీద గోనె పట్టానో, మందపు కోరా గుడ్డనో రెండు పొరలు బిగించి వాటికి పూయండి. గుడ్డ డాంబర్‌ను పీల్చుకుని పట్టుకుంటుంది. టార్పాలినే కావాలంటే డాంబర్ వద్దు. రెండు పొరలు వేసి, అంచులు లోపలికి మడిచి పై కట్టుకు కుట్టేయండి, చిరిగితే మార్చుకోవచ్చు.

డాంబర్ కాచే డబ్బా సగానికి మించి నింపొద్దు. తడి కర్రతో కలిపినా, వాన చినుకులు పడినా, ఆ నీళ్ళు ఆవిరై డాంబర్ ఒక్కసారిగా పొంగి మంటలో పడుతుంది. కిరసనాయిలు కలిపి పలచన చేయాలంటే డబ్బాను పొయ్యి మీంచి దించి, మంటకు 20, 30 అడుగుల దూరం తీసుకుపోయి, కాస్త చల్లారాకే కలపాలి. ఒంటి మీద పడితే ఆ చోట చల్లటి నీళ్ళు 20 నిమిషాలైనా ధారగా పోయండి. అంటుకున్న డాంబర్‌ను పీకొద్దు, తోలు ఊడివస్తుంది. అట్లాగే దవాఖానకు తీసుకుపోండి.

ప్రశ్న: థర్మాకోల్ తెప్ప ఏటా పెచ్చులు లేస్తోంది. పైన ఫైబర్ పొర వేయిస్తే గట్టిగా ఉంటుందని చెప్పారు. వేయించొచ్చా? ఒక మనిషికి ఎన్ని షీట్లు కావాలి?
*(హనుమకొండ జిల్లా నుంచి)*

జవాబు: మామూలు ఫైబర్ పనికి వాడే పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది. అది తగిలిన చోటల్లా థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది. పెట్రోలు, అసిటోన్, రంగుల్లో కలిపే థిన్నర్ కూడా అంతే. ఫైబర్ వేయించాలంటే ఎపాక్సీ రెజిన్‌తోనే వేయించాలి, ఖర్చు బాగా ఎక్కువ. షీట్లను టార్పాలిన్‌తో బిగువుగా చుట్టి కుట్టి, చుట్టూ వెదురు చట్రం కట్టడమే చాలామందికి సరిపోతుంది.

లెక్క సులువే. 1 మీటరు పొడుగు, 50 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. మందం ఉన్న షీటు 50 లీటర్లు. పూర్తిగా మునిగితే దాదాపు 49 కిలోలు మోస్తుంది. మనిషి 70, వల, తెడ్డు, చేపలు కలిపి 40, చట్రం 10 అనుకుంటే 120 కిలోలు. అంటే మూడు షీట్లతో తేలీ తేలనట్టు ఉంటుంది. ఇంకా అంత తేలే శక్తి చేతిలో ఉండాలి కాబట్టి 5 షీట్లు వేయండి. పాత షీట్లను తూచి చూడండి. ఈ కొలత కొత్త షీటు 1 కిలో లోపే ఉంటుంది. 4, 5 కిలోలు తూగితే లోపల నీళ్ళు పట్టింది, మార్చేయాలి. తెప్ప మీద పెట్రోలు డబ్బా మాత్రం పెట్టొద్దు.

ప్రశ్న: ఫైబర్ పడవ అడుగున జానెడు పగులు. ఎమ్‌సీల్ పెట్టాం, వారానికే ఊడింది. మేమే బాగు చేసుకోవచ్చా?
*(కరీంనగర్ నుంచి)*

జవాబు: చేసుకోవచ్చు, కానీ ముసురు పట్టిన రోజున కాదు. తడి ఉన్న ఫైబర్ మీద రెజిన్ పట్టదు, పట్టినట్టు కనిపించినా పొరగా లేస్తుంది. షెడ్డు కిందికి చేర్చి 2, 3 రోజులు ఆరబెట్టండి. ఎమ్‌సీల్ ఒక పూట గట్టెక్కించడానికే. పడవ అడుగు వంగుతుంది, అది వంగదు, అందుకే ఊడుతుంది.

పగులు చుట్టూ తెల్లగా నలిగిన భాగమంతా పోయేదాకా గ్రైండరుతోనో, 80 నంబరు ఎమెరీతోనో అరగదీయాలి. అంచు నిటారుగా ఉండొద్దు. మందం 5 మి.మీ. అయితే చుట్టూ 6 సెం.మీ. వెడల్పున వాలుగా రావాలి. అతుకు పట్టేది ఆ వాలులోనే. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, గాజు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అసిటోన్‌తో తుడిచి, 450 గ్రాముల మ్యాట్ (గాజు నార పట్టా) మూడు పొరలు వేయండి, ఒక్కో పొర ముందుదానికంటే అంగుళం పెద్దది. చదరపు మీటరు మ్యాట్‌కు ఒక కిలో రెజిన్ పడుతుంది. కిలోకు హార్డనర్ 10 నుంచి 20 గ్రాములు. మన ఎండలకు 10 చాలు, ఎక్కువైతే డబ్బాలోనే గడ్డకట్టి పొగలొస్తుంది. గాలి బుడగలు పోయేదాకా రోలరుతో నొక్కాలి. బుడగ మిగిలిన చోట రేపు నీళ్ళు చేరతాయి.

దుకాణంలో హార్డనర్‌తో పాటు ఊదారంగు కోబాల్ట్ సీసా కూడా ఇస్తుంటారు. ఆ రెండింటినీ నేరుగా కలిపితే పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపి, తర్వాతే హార్డనర్ వేయాలి. ఒకే చెంచా రెండింటికీ వాడొద్దు. అతుకు వేశాక కనీసం 3 రోజులు నీళ్ళకు దూరం.

దించేటప్పుడు వెనుక అడుగున ఉన్న బిరడా పెట్టారో లేదో చూడండి. వాన నీళ్ళు పోవాలని ఎండాకాలంలో తీసి ఉంచుతారు, దించే హడావుడిలో మరిచిపోతారు. ఫైబర్ పడవలు ఒడ్డునే మునిగాయని వినే కతల్లో సగం ఈ బిరడావే.

ప్రశ్న: ఔట్‌బోర్డు ఇంజను నిరుడు బాగానే నడిచింది. ఇప్పుడు తాడు ఎంత లాగినా అందుకోవట్లేదు. విప్పి చూడాలా?
*(మంచిర్యాల జిల్లా నుంచి)*

జవాబు: విప్పే ముందు పెట్రోలు పారబోయండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి ఉంటే నీళ్ళు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగుతాయి. ఇంజను ముందు పీల్చేది అడుగుదే. ట్యాంకు, గొట్టం, కార్బొరేటర్ గిన్నె మూడూ ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయాలి. గిన్నె అడుగున జిగురు కడితే కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి, జెట్‌లో (పెట్రోలు పారే సన్నటి రంధ్రంలో) గాలి కొట్టించండి. జెట్‌లో తీగ దూర్చొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. టూ స్ట్రోక్ అయితే లీటరుకు 20 మి.లీ. ఆయిలు, అంటే 50కి 1. మీ ఇంజను పుస్తకంలో వేరే చెబితే అదే పాటించండి. ఫోర్ స్ట్రోక్‌కు పెట్రోల్లో ఆయిలు కలపకూడదు.

ట్యాంకు మూత మీది గాలి మర తెరవాలి. గొట్టం మధ్యలోని రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా పిసకాలి. ఎరుపు తాడున్న కిల్ స్విచ్ క్లిప్ దాని చోట ఉండాలి. అది లేక ఇంజను అందుకోకపోతే ప్లగ్గులు మార్చుకుంటూ కూర్చునేవాళ్ళున్నారు.

తర్వాత అడుగు గేరు ఆయిలు. కింది మర కొద్దిగా వదులు చేస్తే వచ్చే ఆయిలు పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్ళు చేరాయి. కారణం ఎక్కువసార్లు వల దారమే. పంకా (ప్రొపెల్లర్) వెనక చుట్టుకున్న నైలాన్ దారం సీలును కోసేస్తుంది. పంకా విప్పి, ఇరుసు మీద దారం ఉందేమో ప్రతి సీజన్‌లో చూడాలి. కొత్త ఆయిలు కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బయటికి వచ్చేదాకా. ముందు పై మర బిగించి, తర్వాత పంపు తీసి కింది మర బిగించండి. పై నుంచి పోస్తే గాలి లోపల చిక్కుకుంటుంది.

ఇంజనును ఒడ్డు మీద ఉత్తగా తిప్పి చూడొద్దు. నీటి పంపులోని రబ్బరు రెక్కలు నీళ్ళు లేకుండా తిరిగితే నిమిషం లోపే కాలిపోతాయి. డ్రమ్ములో నీళ్ళు నింపి, పంకా పైనున్న అడ్డరేకు మునిగేట్టు పెట్టి తిప్పండి. వెనక నుంచి సన్నటి నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపాలి. రెక్కలు రెండు సీజన్లకోసారి మార్చడం మంచిది. చెరువులో గుర్రపుడెక్క ఉంటే ఆ ధార మీద కన్నేసి ఉంచండి. ఆకులు నీళ్ళు పీల్చే చోట అడ్డం పడితే ధార సన్నబడుతుంది. అప్పుడు ఇంజను ఆపి, లేపి, చేత్తో తీసేయాలి.

ప్రశ్న: చెరువు నిండుతోంది. పడవను ఎక్కడి నుంచి, ఎట్లా దించితే మంచిది?
*(నర్సంపేట నుంచి)*

జవాబు: కట్ట దగ్గర కాదు, శిఖం (నీళ్ళు తగ్గితే బయటపడే చెరువు నేల) వైపు నుంచి. కట్టకు పేర్చిన రాళ్ళ మీద లాగితే ఏ పడవ అడుగైనా గీసుకుపోతుంది. తూముకు, మత్తడికి (అలుగుకు) దూరంగా ఉండండి. మత్తడి దుంకే చోట లాగుడు కంటికి కనిపిస్తుంది. తూము లాగుడు పైకి కనిపించదు, అదే ఎక్కువ ప్రమాదం.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో, మొరం తవ్విన చోట్లలో ఒడ్డు పక్కనే గుంతలుంటాయి. మోకాలి లోతు అనుకుని అడుగు వేస్తే నిలువు లోతు తగులుతుంది. దించే దారంతా ముందు గడతో పొడుస్తూ నడవండి, గుంత అంచున కర్ర పాతి గుడ్డ కట్టండి. మధ్య మానేరు లాంటి జలాశయాల్లో ముంపు ఊళ్ళ గోడలు, చెట్ల మోళ్ళు నీళ్ళ కింద ఉంటాయి. నీళ్ళు నిండిన చోట కరెంటు తీగలు చేతికందేంత కిందికి వస్తాయి. తడి వెదురు గడ, ఇనుప గడ రెండూ కరెంటును మోస్తాయి, తీగల కింద గడ నిలువుగా ఎత్తొద్దు.

జరపడానికి జామాయిల్ దుంగలు మూడు కావాలి. ఎప్పుడూ రెండు పడవ కింద, ఒకటి ముందుకు మోసుకుపోవడానికి. వెనుక నుంచి ఒక తాడు కట్టి, చెట్టుకో, పాతిన గుంజకో ఒక చుట్టు తిప్పి కొద్దికొద్దిగా వదలాలి. తడి నేల మీద పడవ జారిందంటే మనుషులు ఆపలేరు. పల్లం వైపు ఎవరూ నిలబడొద్దు. పట్టుకునేవాళ్ళంతా పక్కలనే ఉండాలి. నల్లరేగడి శిఖంలో ట్రాక్టరు దించితే పడవ కంటే ముందు దాన్ని లాగాల్సి వస్తుంది. ట్రాక్టరు గట్టి నేల మీదే ఆపి, పొడుగు తాడుతో పని చేయండి.

ప్రశ్న: పడవకు పూజ ఏ రోజు చేయాలి?
*(ములుగు నుంచి)*

జవాబు: గంగమ్మకు మీ ఊరి ఆనవాయితీ ఏ రోజైతే ఆ రోజు. మా మాట ఒక్కటే: పూజకు రెండు రోజుల ముందే పడవ నీళ్ళలో ఖాళీగా తేలి ఉండాలి. ముహూర్తం మించిపోతుందని కారే పడవలో పదిమంది ఎక్కకండి. కల్లు ముంత ఒడ్డునే ఉంచండి.

ప్రశ్న: లైఫ్ జాకెట్లలో ఏది కొనాలి?
*(వరంగల్ నుంచి)*

జవాబు: లోపలి పట్టీ మీద తేలే శక్తి 50 (న్యూటన్లు) అని ఉంటే అది బాగా ఈత వచ్చినవాళ్ళకు, ఒడ్డు దగ్గర వాడటానికి. ఈత రానివాళ్ళకు 100 ఉండాలి, అది మొహాన్ని పైకి తిప్పి ఉంచుతుంది. పిల్లలకు పిల్లల కొలతే, కాళ్ళ మధ్య పట్టీతో. పాతవాటిని ఛాతీ లోతు నీళ్ళలో తొడుక్కుని చూడండి. భుజాలు పట్టి పైకి లాగినప్పుడు జాకెట్టు చెవుల దాకా లేస్తే అది వదులు. కూర్చునేందుకు మెత్తలా వాడిన జాకెట్టులో ఫోమ్ నలిగి తేలే శక్తి తగ్గుతుంది.

ప్రశ్న: నిరుడు దించిన మొదటి రాత్రే పడవ ముక్కు మునిగి, పొద్దునకు నీళ్ళతో నిండి ఉంది. ఎక్కడా పగులు లేదు. ఎందుకయ్యింది?
*(జగిత్యాల జిల్లా నుంచి)*

జవాబు: తాడు పొట్టిగా కట్టి ఉంటారు. పైన వాన పడితే రాత్రికి రాత్రే నీటిమట్టం అడుగు, రెండడుగులు లేస్తుంది. గుంజ మొదట్లో బిగించి కట్టిన తాడు పడవ ముక్కును లేవనివ్వదు, నీళ్ళు అంచు దాటి లోపలికి వస్తాయి. గుంజకు పైభాగంలో, నీళ్ళు లేచినా అందేట్టు కట్టి, నాలుగైదు మూరల తాడు వదులుగా వదలండి. లంగరు వేస్తే తాడు పొడుగు లోతుకు 5 రెట్లు ఉండాలి. నిట్టనిలువుగా లాగితే లంగరు మెత్తటి పూడికలోంచి లేచిపోతుంది, ఏటవాలుగా లాగితే పట్టుకుంటుంది. గోదావరి ఒడ్డున అయితే పైన శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి గేట్లు ఎత్తుతారన్న కబురు వచ్చిన రోజు తాడును నమ్ముకోవద్దు. పడవను గట్టెక్కించి, ఇంజను విప్పి ఇంటికి తీసుకుపోండి.